సుగుణ పాదం గీసిన కాగితం

మా చిన్నప్పుడు... మా ఊరి మిషన్ హాస్టల్ అరుగు మీద ఒక దొరసానిగారు చతికిలబడి కూర్చుని, తెల్లకాగితం మీద సుగుణ పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీత గీస్తున్నారు. చక్కిలిగింతలకి సుగుణ పకపకా నవ్వుతోంది. నేను స్తంభం చాటు నుంచి చూస్తున్నాను... నాకు నవ్వు రాలేదు.

మాది రాజోలు దగ్గర పల్లె. నాకప్పుడు తొమ్మిదేళ్లుంటాయేమో. మా మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, ఆ హాస్టల్లో వంట చేసేది. సుగుణకి నాలుగేళ్లు. తల్లీ తండ్రీ లేరు. పాలు మరవకముందే హాస్టల్‌కి చేరింది. తాగేది మామ్మ కాచిన గంజి, పడుకునేది మామ్మ పక్కలో...

ఆ దొరగారూ దొరసానిగారూ ఓడెక్కి, రైలెక్కి, లాంచీ ఎక్కి వచ్చింది సుగుణని పెంచుకోవడానికట. వాళ్ల దేశం పేరు మాకెవరికీ నోరు తిరిగేది కాదు. చలి దేశం అనేవాళ్లం. కోర్టు కాగితాలు తెమిలేదాకా మిషన్ బంగళాలో దిగారు. దొరగారు వారానికోసారి లాంచీలో రాజమండ్రి వెళ్లి, ఉత్తచేతులతో తిరిగొచ్చేవారు.

ఊరంతా ఒకటే అనుమానం. అంత దూరం నుంచి వచ్చి మన పిల్లే ఎందుకు? కొబ్బరికాయలు వలిచేచోట రోజూ అదే మాట.

"ఆళ్ల దేశంలో వంతెన కడతన్నారంట. స్తంభం నిలబట్టంలేదంట."

"అయితే?"

"పిల్లని స్తంభం కింద పెడతారంట. లేపోతే ఊరికే పెంచుతారేంట్రా? నువ్వు పెంచుతావా?"



దొరసానిగారు సుగుణకి బిస్కెట్ ఇస్తే, ముందు మామ్మ ఓ ముక్క కొరికి చూసి, కాసేపు ఆగి, అప్పుడు పిల్లకి పెట్టేది.

మా వైపు... నడిచిన అడుగు కింద మట్టి ఎవరైనా తీశారంటే హడలిపోయేవాళ్లం. చేతబడికి అదే కావాలంటారు. ఇక్కడ మట్టి కూడా కాదు, అడుగుకి అడుగే కాగితం మీదకి వెళ్లిపోయింది.

పరిగెత్తుకెళ్లి మామ్మకి చెప్పాను. పొయ్యి ఊదుతున్నదల్లా ఆగిపోయింది.

"రెండు కాళ్లూ గీసిందా?"

"రెండూ."

"అడుగు ఆళ్ల చేతిలో పడిందంటే పిల్ల ఇంక ఎనక్కి తిరిగి చూడదురా. ఆ కాయితం తెచ్చెయ్."

"దొంగతనం కదా మామ్మా?"

"మరి ఆళ్లు చేసేదేంటి?"

మర్నాడు పొద్దున్నే బంగళా కిటికీలో, పుస్తకం మధ్యలో కనబడింది. లాగి చొక్కాలో దోపుకున్నాను. మామ్మ పొయ్యిలో వెయ్యబోయి ఆగింది. కాలిస్తే పిల్లకి కాళ్లు మండుతాయేమోనని భయం. మడిచి చింతపండు జాడీ కింద పెట్టింది.

ఆ పొద్దున్నే దొరగారి రాజమండ్రి ప్రయాణం. దొరసానిగారు పుస్తకాలు, పక్కబట్టలు, పెట్టెలు అన్నీ దులిపారు. అవతల లాంచీ కూత వేసింది. ఆవిడ గబగబా నా దగ్గరికి వచ్చి, తన పాదం చూపించి, గాలిలో దాని చుట్టూ గీత గీసి, చేతులు చాపారు. నేను అడ్డంగా తలూపాను. ఆవిడ నా మొహంలోకి చూస్తూ ఉండిపోయారు...

దొరగారు కాగితం లేకుండానే లాంచీ ఎక్కారు.

అయిదోనాడు కోర్టు కాగితాలతో పాటు ఓ అట్టపెట్టె కూడా తెచ్చారు. మర్నాడే సుగుణ ప్రయాణం. మామ్మ పిల్లని చంకనెత్తుకుని రేవు దాకా వచ్చింది. దించనే దించదు. చివరికి దొరసానిగారు పెట్టె తెరిచారు.

చిన్న తోలుబూట్లు.

సుగుణ కాళ్లు వాటిలో ఈదుతున్నాయి. రెండడుగులు వేసి బోర్లా పడింది.

మామ్మ మా అయ్యగారి వైపు, అంటే పాస్టరుగారి వైపు తిరిగింది. "ఆరోజు పిల్ల కాళ్లు గీసింది దేనికండి?"

"బూట్ల కొలతకండి మామ్మగారూ. అక్కడ మంచు కురుస్తుందండి. ఉత్తకాళ్లతో దిగితే వేళ్లు పోతాయంటండి. ఆ కొలత కాయితం ఎక్కడ పడిపోయిందో పాపం... దొరగారు చేత్తో ఇంత అని చూపించి కుట్టించేరు."

"ఆయ్" అంది మామ్మ.

నా వైపు చూడలేదు. కొంగు పర్రున చింపింది. ఉండలు చుట్టి బూట్ల మొనల్లో కుక్కింది. కింద కూర్చుని ఒక బూటు తను తొడిగింది, రెండోది దొరసానిగారు తొడిగారు.

సుగుణ ఈసారి పడలేదు. టకటకా నడిచి, అడ్డంగా వేసిన బల్ల మీద నుంచి లాంచీలోకి వెళ్లింది. వెళ్లి... వెనక్కి తిరిగి చూసింది.

"చూసేవా? కాయితం మన దగ్గరుంది కాబట్టే చూసింది" అంది మామ్మ ఇంటికొచ్చాక.

ఏడాదికి ఒక ఫోటో వచ్చింది. మంచులో సుగుణ, నవ్వుతూ. మామ్మ నమ్మలేదు. "నవ్వమని చెప్పి తీసేరేమో" అంది. ఎండలో పెట్టి చూసింది, దీపం దగ్గర పెట్టి చూసింది. చాలాసేపటికి వేలు కాళ్ల మీద ఆనించింది. "బూట్లు సరిపోయేయిరా..."

మళ్లీ ఉత్తరం రాలేదు. వచ్చినా చదివి చెప్పడానికి అప్పటికి ఆ అయ్యగారూ వేరే ఊరు మారిపోయారు.

మామ్మ పోయాక జాడీ ఎవరో తీసుకున్నారు. కింది కాగితం నేను తీసుకున్నాను. చింతపండు మరక పడి పెన్సిలు గీత సగం చెరిగింది. ఇవాళ దాని మీద నా చెయ్యి పెట్టి చూశాను... ఒక పాదం మొత్తం నా చేతి కింద దాగిపోయింది.

ఇప్పుడు దేశం కాని దేశం నుంచి పెంచుకునేవాళ్లు ముందే ఫోన్లో బిడ్డని చూసుకుంటారట, మాట్లాడుకుంటారట. మంచిదే. ఏ అనుమానం వచ్చినా అప్పుడే అడిగెయ్యొచ్చు. మా రోజుల్లో మాకు అనుమానపడ్డం ఒక్కటే తెలుసు... అడగడం తెలీదు.

ఆ కాగితం తీసింది నేనేనని మామ్మకి తప్ప ఎవరికీ తెలీదు. ఇదిగో, మీకు చెప్పాను. ఎవరినో నమ్మలేక మీరూ ఏదైనా దాచేసి ఉంటే కింద రాయండి... నేనొక్కడినే కాదని తెలిస్తే, కాస్త తేలికపడతాను.