తలుపు బందుల మామ

పోయిన వారం ప్రొద్దుటూరు నుంచి ఫోను వచ్చింది, మామ పోయాడని. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి లేచి చెయ్యి కడుక్కున్నాను. ఆయన సాయిబు, నేను సింహాద్రిపురం దగ్గర ఒక రెడ్డిగారి కారు తోలిన డ్రైవర్ని. రక్తసంబంధం ఏమీ లేదు. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను బతికి ఉన్నానంటే అది ఆయన చలవే.

జమ్మలమడుగు రోడ్డులో ఆయన షెడ్డు. పాత కార్ల తలుపులు తప్ప వేరే పని ముట్టేవాడు కాదు. బండి రాగానే తలుపు బార్లా తెరిచి, దాన్ని పట్టుకుని వేలాడేవాడు. తొలి మోడళ్ళలో తలుపును బండికి పట్టి ఉంచే బందులకు బొటనవేలంత లావు సీలలుండేవి, ఎంత ఊగినా కదిలేవి కావు. తర్వాతి మోడళ్ళకు రేకూ పలచబడింది, సీలా సన్నబడింది, ఆయన బరువుకే తలుపు కిందికి జారేది. అప్పుడు ఉర్దూలో బూతులు అందుకునేవాడు. తుక్కు కార్ల నుంచి పీకి దాచిన పాత సీలలు వేసి, గ్రీజు పూసి, కాలితో తన్ని చూసేవాడు.

"మూసుకునేది కాదు అల్లుడా, తెరుచుకునేది చూడు" అనేవాడు. బాంబు పడగానే కారు దూకి పరిగెత్తాల్సిన మా పక్క వాళ్ళకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

మా రెడ్డిగారి వర్గం కార్లూ, ఎదుటి వర్గం కార్లూ ఆ షెడ్డుకే వచ్చేవి. ఒకసారి మా కారు అక్కడ వదిలి పనిమీద జమ్మలమడుగు పోయి వచ్చేసరికి మామ కుడిచేతికి నెత్తుటి గుడ్డ చుట్టి ఉంది. తలుపులో పడిందన్నాడు. ఎడమచేత్తోనే ఆఖరి సీల బిగించాడు.

"దావలో ఏమన్నా అయితే చెయ్యి పెట్టొద్దు, గడియ వదులు చేసినా. తన్ని దుంకు" అన్నాడు.

కొన్నాళ్ళకే తొండూరు దాటాక మా కారు మీద బాంబులు పడ్డాయి. ముందు టైరు పేలింది. పొగలోంచి కొడవళ్ళు పట్టుకుని వచ్చారు. నేను తలుపు తన్నాను. అది విసురుగా తెరుచుకుని ఎదురొచ్చినవాడి రొమ్ముకు తగిలింది. నేను శనగచేలో పడి పరిగెత్తాను. రెడ్డిగారు అవతలి తలుపు నుంచి దూకారు. వెనక కూర్చున్న ఆయన తమ్ముడు మాత్రం సీటులోనే పోయాడు, గుర్తుపట్టడానికి ముఖం మిగల్లేదు.

అసలు సంగతి మామ చాలా ఏళ్ళకు చెప్పాడు. ఆ రోజు ఎదుటి వర్గంవాడొకడు వచ్చి, మా కారు తలుపులు తెరుచుకోకుండా బందులు వంచమన్నాడట. ఈయన కాదన్నాడు. వాడు ఈయన నాలుగు వేళ్ళూ బందు సందులో పెట్టి తలుపు వేశాడు. ఎవడు వాడని ఎంత గట్టిగా అడిగినా చెప్పలేదు.

"చెప్పింటే నువ్వు ఊరికే ఉంటావా? మళ్ళీ తలకాయలు తెగుతాయి. నా చెయ్యి కదా పోయింది, పోనీ" అన్నాడు.

పోయిన వారం ఖబరస్తాన్‌లో మామను దించాక అందరూ మూడేసి పిడికిళ్ళ మట్టి వేసి వెనక్కి తిరిగారు. తెల్లగడ్డం ముసలాయన ఒకడు మాత్రం పిడికిలి బిగించి అక్కడే నిలబడిపోయాడు. మట్టి వేయి పెద్దాయనా అన్నాను.

"ఆ చెయ్యి విరిచింది నేనేనప్పా" అన్నాడు. "నేను కనబడినప్పుడల్లా పిలిచి టీ తాపేవాడు."

రెండు చేతులతో వాడి చొక్కా పట్టుకున్నాను. వాడు విడిపించుకోలేదు. మామ ఎందుకు పేరు చెప్పలేదో నాకు తెలుసు. తెలిసి కూడా నా చేతులు వదల్లేదు. వాడి పిడికిట్లోని మట్టి కొంచెం కొంచెంగా నా పాదాల మీద రాలుతోంది.