రేపటి తారీఖు మీద సంతకం

అలియాబాద్‌లో శృతి ఇంటికి ఎవరైనా దారి అడిగితే, "కడీలు కొట్టే పర్వతాలు బిడ్డనా?" అని ఎదురడుగుతారు. యూనివర్సిటీలో మాత్రం ఆమెను "నోటీసుల శృతక్క" అనేవారు. జియాలజీ చదివే నాలుగు వందల మందికి పైగా పిల్లలు ఆమె నడిపే వాట్సాప్ గ్రూపులో ఉండేవారు. ఏ పరీక్షకు ప్రకటన పడినా, ఏ సంస్థ వేసవి శిక్షణకు విద్యార్థులను పిలిచినా, దరఖాస్తు గడువు రెండు రోజులు పెరిగినా, ఆ కబురు ముందుగా అక్కడే కనిపించేది.

ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. డిగ్రీ చివరి ఏడాది ఒక ఫీల్డ్ క్యాంపుకు దరఖాస్తు చేసుకునే అవకాశం ఒక్క రోజు తేడాతో పోయింది. కాగితం బోర్డు మీదే ఉంది, కానీ దాని మీద ఇంకో కాగితం అంటించారు. సిటీలో ఉండేవాళ్లకు ఆ సంగతి ఎలాగో తెలిసింది. మూడున్నర బస్సుకు ఊళ్లకు పరుగెత్తేవాళ్లకే తెలియలేదు. మర్నాటి నుంచి శృతి బోర్డు మీది కాగితాలన్నీ ఎత్తి చూసి, ఫోటోలు తీసి పంపడం మొదలుపెట్టింది. ఎమ్మెస్సీ రెండో ఏడాదికి వచ్చేసరికి అది ఆమెకు పొద్దున్నే మొహం కడుక్కోవడం లాంటిదైపోయింది.

పర్వతాలు ముప్పై ఏళ్లు రాళ్లు కొట్టాడు. మోకాళ్లు అరిగాక క్వారీలు మానేసి, ఇంటి ముందే కూర్చుని కంచెలకు రాతి కడీలు చెక్కేవాడు. చిన్నప్పుడు శృతి, "నాయినా, బండ గా గీత మీదనే ఎందుకు పగులుతది?" అని అడిగితే, "దాని తీరే గంత బిడ్డా, నాకేమెరుక" అనేవాడు. అదేదో తెలుసుకోవాలనే ఆమె జియాలజీలో చేరింది.

మే నెలాఖరులో, బస్సులో నిలబడి ఉండగా ఆమెకు ఒక ఫోన్ వచ్చింది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వచ్చే దారికి లోపలగా ఉన్న ఒక కంకర క్వారీ మేనేజరునని, పేరు అరుణ్ అని చెప్పాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. జియాలజీ విద్యార్థికి రెండు నెలల ఫీల్డ్ శిక్షణ, చివర్లో అనుభవ పత్రం, వెంటనే చేరవచ్చు. ముద్ర వేసిన కాగితం కూడా పంపాడు. శిక్షణ పేరుతో ఒడిశాకో కర్ణాటకకో పోవాల్సి వచ్చే పిల్లలకు ఇంటి దగ్గరే ఇలాంటిది దొరకడం అరుదు. శృతి రెండు నిమిషాల్లో దాన్ని గ్రూపులో పెట్టేసింది.

మొదట జవాబిచ్చింది అనం. ఎమ్మెస్సీ మొదటి ఏడాది. వాళ్లది మేడ్చల్ దగ్గరి ఊరు. తండ్రి షఫీయుద్దీన్ కొత్తిమీర, పాలకూర పండించి తన ట్రాలీ ఆటోలో మార్కెట్‌కు తీసుకుపోతాడు. "శృతక్కా, ఇంటి నుంచి పదిహేను నిమిషాలే. మస్తు సంతోషమైంది" అని రాసింది అనం.

క్వారీలో చేరిన నాలుగో రోజు మధ్యాహ్నం అనం శృతికి ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అక్కా, ఈడ నాకు ఒక్కటే పని ఇచ్చిన్రు. గోడ తనిఖీ పుస్తకమని ఉంది. దాంట్ల సంతకం పెట్టాలె."

"క్వారీ గుంత గోడనా? నువ్వు పోయి చూస్తున్నవా మరి?"

"దగ్గరికి పోనిస్తలేరు. పుస్తకంల ముందే రాసి ఉన్నది. 'గోడ సురక్షితం' అని. గియ్యాల్టిది గాదక్కా, రేపటిది, ఎల్లుండిది, నెలాఖరు దాంక తారీఖులేసి రాసి పెట్టిన్రు. సంతకం జాగ ఒక్కటే ఖాళీగ ఉన్నది."

శృతి, "నువ్వు పెట్టినవా?" అని అడిగింది.

"మొదటి మూడు రోజులు పెట్టిన. పేజీ తిప్పినాక చూసిన. నాకంటే ముందు ప్రణీత అని ఎవరో ఉండె. ఏప్రిల్ పందొమ్మిది దాంక ఆమె సంతకాలున్నయి. తర్వాత లెవ్వు."

ప్రణీత కౌకూర్ అమ్మాయని, వేరే కాలేజీలో చదువుతుందని గ్రూపులో వెతికితే తెలిసింది. శృతి ఫోన్ చేస్తే రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది. శృతి క్వారీ పేరు, అనం సంగతి చెప్పింది.

"గా పుస్తకంల పేరు రాయొద్దని చెప్పు" అంది ప్రణీత. "నేను నిలబడ్డ జాగల నుంచి జరిగి పది నిమిషాలు గాకముందే, గాడనే మంచమంత బండ వచ్చి పడ్డది. అరుణ్ సార్ వచ్చి చూసిండు. బండ తీయించిండు. ఇగ సంతకం పెట్టమన్నడు. నేను పెట్టిన. మర్నాటి నుంచి పోలే."

"ఎవరికన్న చెప్పినవా?"

"ఏమని చెప్పాలె? సురక్షితమని నేనే రాసిచ్చిన గదా."

ఆదివారం క్వారీలో పని ఉండదు. శృతి తండ్రిని బండి మీద ఎక్కించుకుని వెళ్లింది. అనం దారిలో కలిసింది. వెనక తుప్పల్లోంచి ముగ్గురూ గుంత పైఅంచుకు చేరారు. వందడుగుల లోతు ఉంటుంది. ఆ గోడ కిందనే, దానికి ఆనించినట్టు, పద్నాలుగు రేకుల ఇళ్లు. ఒడిశా నుంచి వచ్చిన కూలీల కుటుంబాలవి. ఒకామె బియ్యం కడుగుతోంది. పిల్లలు గోడ నీడలో ఆడుకుంటున్నారు.

పర్వతాలు సుత్తె తీసి అంచు పొడుగునా బండను కొట్టుకుంటూ నడిచాడు. మొదట ఖంగుమని మోగింది. పది అడుగులు వేశాక చప్పుడు మారింది. ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు వచ్చింది. ఆయన ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ కొట్టాడు. తర్వాత గడ్డిని పక్కకు తీశాడు. బండ మీద పొడుగ్గా ఒక పగులు ఉంది. చెయ్యి పెడితే మణికట్టు దాకా పోయింది. ఆయన ఒక గులకరాయి లోపలికి వేశాడు. అది ఎక్కడెక్కడో తగులుతూ దిగి, ఎంతసేపటికీ ఆగలేదు.

"ఇది పొర విడిచింది" అంది శృతి. "కింద బ్లాస్టింగ్ జేసినప్పుడల్లా ఇంకింత జారుతది. వాన నీళ్లు వోతే..."

"బిడ్డా, సప్పుడు జెయ్యకుండ వెనక్కి నడువుండ్రి" అన్నాడు పర్వతాలు. 

పోయే ముందు ఆయన వెంట తెచ్చిన సిమెంటును మూడు చోట్ల పగులుకు అడ్డంగా మెత్తాడు. బండ కదలకపోతే సిమెంటు అలాగే ఉంటుంది. శృతి పక్కన తారీఖు రాసింది. మంగళవారం అనం వెళ్లి చూస్తే మూడింటి మీదా వెంట్రుకవాసి చీలిక కనిపించింది. గురువారం నాటికి అందులో వేలు పట్టింది. అప్పటికే రెండు వానలు పడ్డాయి.

ఆ రోజు శృతి కూడా క్వారీ ఆఫీసుకు వెళ్లింది. ఫోటోలు చూపించింది. అరుణ్ వాటిని ఒక్కొక్కటే శ్రద్ధగా చూశాడు. ఇద్దరికీ చాయ్ తెప్పించాడు.

"మంచిగ తీసినవమ్మా. కానీ మీరు నేర్చుకోనీకి వచ్చిన్రు, మాకు నేర్పనీకి గాదు."

"సార్, గా ఇండ్లన్న జరపండ్రి. రెండు దినాల పని" అంది శృతి.

"నెల రోజుల్ల ఈ పక్క పని అయిపోతది. అప్పుడు జరుపుతం."

అనం పుస్తకం దగ్గరికి లాక్కుని, ఆ రోజు తారీఖు ఎదురుగా ఉన్న "సురక్షితం" అనే మాటను కొట్టేసింది. "గోడ కదులుతోంది. కింద ఎవరూ ఉండకూడదు" అని రాసి, టైమ్ వేసి, సంతకం పెట్టింది. ఫోన్ తీసి ఆ పేజీని ఫోటో తీసుకుంది. అరుణ్ కోప్పడతాడని ఇద్దరూ అనుకున్నారు. ఆయన నవ్వాడు. పుస్తకం మూసి, సొరుగులో పెట్టి, తాళం వేశాడు.

"రేపటి నుంచి రాకు బేటా. నీ పత్రం ఇంటికి పంపిస్త."

బయటికి వచ్చాక అనం, "తిట్టినా మంచిగుండు అక్కా" అంది. "గా నవ్వుకు నాకు భయమైతాంది."

విభాగాధిపతి పార్వతీదేవి మేడమ్ ఆ సాయంత్రమే గనుల భద్రతా అధికారులకు ఫోటోలతో సహా ఫిర్యాదు రాసి పంపించింది. సోమవారం వచ్చి చూస్తామని జవాబు వచ్చింది. సోమవారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆకాశం నల్లగా మూసుకుని ఉంది.

శుక్రవారం పొద్దున పర్వతాలు ఒక్కడే ఆ రేకుల ఇళ్లకు వెళ్లాడు. ఆయన హిందీ అంతంతమాత్రం. కూలీలలో పెద్దాయన ఒకడిని చెయ్యి పట్టుకుని పైఅంచుకు తీసుకుపోయాడు. ఏమీ చెప్పకుండా అతని చేతిని పగులులో పెట్టించాడు. వాన పడ్డాక అది ఇంకా విడింది. అతని చెయ్యి మోచేతి దాకా పోయింది. అతను చెయ్యి లాక్కుని, కిందికి పరుగెత్తాడు. మధ్యాహ్నానికి షఫీయుద్దీన్ తన ఆటో తెచ్చాడు. అయిదుసార్లు తిరిగి, పద్నాలుగు ఇళ్ల గిన్నెలూ మూటలూ పిల్లలనూ దూరంగా మూతపడ్డ ఒక కోళ్ల ఫారం షెడ్డులోకి చేర్చాడు. కోసిన ఆకుకూరలు ఆ రోజు పొలంలోనే వాడిపోయాయి.

శనివారం పదకొండు గంటలప్పుడు పర్వతాలు ఇంటి ముందు కడీ చెక్కుతున్నాడు. దూరంగా ఒక మోత వినిపించింది. ఉరుములా మొదలై, ఎంతసేపటికీ ఆగలేదు. ఆయన సుత్తె కింద పెట్టేశాడు.

"నాయినా, బ్లాస్టింగేమో" అంది శృతి.

"గాదు బిడ్డా. అది బ్లాస్టింగ్ సప్పుడు గాదు."

వాళ్లు వెళ్లేసరికి గుంత నిండా దుమ్ము. గోడ ఉన్న చోట పచ్చి గాయంలా తెల్లటి బండ కనిపిస్తోంది. రేకుల ఇళ్లు ఉండిన జాగాలో ఒక్క రేకు ముక్క కూడా కనిపించలేదు. కూలీలు దూరంగా గుంపుగా నిలబడి ఉన్నారు. ఒకరినొకరు లెక్కపెట్టుకుంటున్నారు. అందరూ ఉన్నారు. శృతి ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే క్వారీ కాపలాదారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "పొక్లెయిన్ ఉండె లోపల! పొక్లెయిన్ల మనిషుండె!"

ఆ మనిషి పేరు బాలేష్. ఊరు గాజులరామారం. రోజూ వచ్చే డ్రైవర్ రానంటే, పొద్దున్నే ఫోన్ చేసి కిరాయి మిషన్‌తో పిలిపించారు. రాళ్లు త్వరగా తీసేస్తే అధికారులు వచ్చేనాటికి గోడ కింద శుభ్రంగా ఉంటుందని అనుకున్నారట. ఆ క్వారీలోకి అతను రావడం అదే మొదటిసారి. సాయంత్రం నాలుగు గంటలకు అతని శవాన్ని బయటికి తీశారు.

సోమవారం పోలీసులు అనం ఇంటికి వచ్చారు. వాళ్లు తెచ్చిన తనిఖీ పుస్తకంలో శనివారం తారీఖు ఎదురుగా "గోడ సురక్షితం" అని ఉంది. కింద అనం సంతకం ఉంది.

"నా బిడ్డ గా దినం ఇంట్లనే ఉండె సాబ్" అన్నాడు షఫీయుద్దీన్. ఆ మాటే నాలుగుసార్లు అన్నాడు. అనం ఫోన్‌లోని ఫోటో చూపించింది. పుస్తకంలో ఆ గురువారం పేజీ లేదు. దారం దగ్గర చించిన గుర్తు ఉంది. ఇన్‌స్పెక్టర్ మిగతా పేజీలు తిప్పాడు. ఆదివారం, సోమవారం, ఆ తర్వాతి వారం, నెలాఖరు వరకు అన్ని తారీఖుల ముందూ ఆమె సంతకమే ఉంది. ఇంకా రాని రోజులకు కూడా ఎవరో ఆమె పేరు పెట్టేశారు. వాటిని చూస్తుంటే తన ఒళ్లు తనది కాదనిపించిందని అనం తర్వాత శృతితో చెప్పింది.

పిలవకుండానే ప్రణీత కౌకూర్ నుంచి తల్లితో కలిసి స్టేషన్‌కు వచ్చింది. ఏప్రిల్లో పడ్డ బండ గురించి, తాను పెట్టిన సంతకం గురించి ఏదీ దాచకుండా చెప్పింది. అనం మీద కేసు లేకుండా పోయింది. అరుణ్‌ను అరెస్టు చేశారు. యజమాని ఎక్కడున్నాడో తెలియదన్నారు. క్వారీ మూతపడింది. విచారణ ఇంకా నడుస్తోంది.

శృతి పన్నెండు రోజులు గ్రూపులో ఏమీ పెట్టలేదు. ఆ ప్రకటన పంపింది తానేననే మాట ఆమెను తిననివ్వలేదు, చదవనివ్వలేదు. పదమూడో రోజు కొత్తగూడెం నుంచి ఒక అబ్బాయి, "అక్కా, ఒక పరీక్ష గడువు నిన్నటితో అయిపోయిందట. నాకు తెల్వలే" అని రాశాడు. ఆమె మళ్లీ మొదలుపెట్టింది. క్వారీలు, గనుల నుంచి వచ్చే పిలుపులు మాత్రం తానో, అనమో వెళ్లి చూడనిదే పెట్టడం లేదు. దూరమైతే ఆ ఊళ్లోని పాత విద్యార్థులెవరినైనా పంపుతారు. ఇప్పటికి అలా ఆరు పిలుపులు తిప్పిపంపారు.

ఆగస్టులో శృతి, అనం కలిసి గాజులరామారం వెళ్లారు. బాలేష్ భార్య జయమ్మ వాళ్లను ఇంట్లో కూర్చోబెట్టింది. వాళ్లెవరో అప్పటికే ఆమెకు తెలుసు.

"గా గోడ పడతదని మీకు ముందే తెలుసంట గదా" అంది.

"తెలుసక్కా" అంది శృతి.

"కూలీలకందరికి జెప్పిన్రంట. మంచిగ జేసిన్రు. మరి మా ఆయనకెవలు జెప్పిన్రు?"

శృతికి చెప్పడానికి చాలా ఉంది. అతను ఆ పొద్దునే వచ్చాడని, వస్తాడని ఎవరికీ తెలియదని, సోమవారం వరకు ఆగమన్నారని. ఆమె అవేవీ చెప్పలేదు.

"ఎవ్వరు చెప్పలేదక్కా. గేటు కాడ ఒక్కరన్న నిలబడాల్సి ఉండె. మేం నిలబడలే."

 లోపల కుక్కర్ కూత వేసినా జయమ్మ లేవలేదు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా మరిది గూడ గదే పని జేస్తడు. పోయిన వారం కొత్త క్వారీల కుదిరిండు. గుమ్మడిదల దిక్కు. గోడ మస్తు ఎత్తున్నదంటుండు, కిందనే వండుకుంటున్నరంట. వద్దంటే ఇంటలేడు." ఆమె శృతి చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఒక్కసారి పోయి సూసి రా బిడ్డా."

శృతి ఫోన్ తీసి ఆ మరిది నంబరు రాసుకుంది. బయట మళ్లీ వాన మొదలైంది. "రేపు ఆదివారమే గదక్కా. నాయినను తోలుకొని పోత" అంది. జయమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆదివారం గూడ పని నడుస్తదంట బిడ్డా ఆడ. ఇయ్యాలనే పో."