నా ఎర్ర పెన్ను దిద్దిన థీసిస్

ఢిల్లీ మయూర్ విహార్ నుంచి గ్రేటర్ నోయిడాలోని మా ఇంజినీరింగ్ కాలేజీకి బస్సులో వెళ్తూ విద్యార్థుల థీసిస్‌లు దిద్దడం నాకు ఏళ్లనాటి అలవాటు. ఇంగ్లీషులో ఎవరైనా "నేను చేశాను" అని రాస్తే ఒళ్లు మండేది.

ఆ ఏడాది నా దగ్గర ఎం.టెక్ చేస్తున్న తెలుగమ్మాయి, కంటోన్మెంట్‌లో ఉండే సైనికుడి కూతురు, "మొదటిసారి నేను తప్పుగా కొలిచాను. అందుకే మళ్లీ కొలిచాను" అని రాసింది. కొట్టేశాను. "తొలి కొలతలో దోషం గుర్తించబడినందున పునఃకొలత నిర్వహించబడినది" అనే ధోరణిలోకి మార్చాను. పని చేసిన మనిషి వాక్యంలో కనిపించకూడదు, క్రియలన్నీ బరువైన నామవాచకాలైపోవాలి. నాకూ అలాగే నూరిపోశారు మరి.

కాలేజీ సాఫ్ట్‌వేర్ ఆ థీసిస్‌లో చాలా భాగం ఏఐ రాసిందని తేల్చింది. కమిటీ తిప్పి పంపితే ఇంకో సెమిస్టర్ ఆగాలి, చేతికొచ్చిన నోయిడా ఉద్యోగం పోతుంది. నేను ఆ అమ్మాయి మీద విరుచుకుపడ్డాను.

"సర్, రిపోర్ట్‌లో రెడ్ వచ్చినవన్నీ మీరు మార్చినవే కదా! లాస్ట్ చాప్టర్ చూడడానికి మీకు టైమ్ లేదు. వో ఠీక్ హై" అంది, కళ్లనీళ్లతో.

నిజమే. నా చెయ్యి పడని ఆ ఒక్క అధ్యాయమే మనిషి రాతగా గట్టెక్కింది. సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవరి మీద కోపమో నాకే తెలియలేదు.

ఆమె దాచుకున్న, నా ఎర్ర దిద్దుబాట్లున్న పాత ప్రింట్లు పట్టుకెళ్లి కమిటీ ముందు పెట్టి, ఈ వాక్యాలు నావి అన్నాను. అధ్యక్షుడు అటూ ఇటూ తిరగేసి, "అచ్ఛా, తో సర్, ఆప్ కౌన్‌సా టూల్ యూజ్ కర్తే హై?" అని అడిగాడు, నేను వాడే ఏఐ ఏదో చెప్పమన్నట్టు. ఇన్నేళ్ల చాకిరీకి దక్కిన మర్యాద అది! పెన్ను తీసి బల్ల మీద పెట్టాను. ఎవరూ నవ్వలేదు.

చివరికి ఆమె మొదట రాసిన వాక్యాలే తిరిగి పెట్టి వారంలో ఇమ్మన్నారు. నా గదిలో కూర్చుని, నేను కొట్టేసిన ప్రతి "నేను"నీ మళ్లీ టైప్ చేసింది. పక్కన కూర్చుని చదువుతుంటే ఆమె చేసిన పని నాకు మొదటిసారి కళ్లకు కట్టింది.

ఆఖరున కృతజ్ఞతల పేజీ వచ్చింది. "ప్రతి వాక్యం ఓపికగా దిద్దిన మా సర్‌కి" అని ఉంది. అదొక్కటీ తీసెయ్యమ్మా అన్నాను.

"రహ్‌నే దీజియే సర్, ఉండనివ్వండి" అంది. "అది నేనే రాశాను."