నాన్న చించేసిన మందుల చీటీ

నా చిన్నప్పుడు నాకు ఖోఖో అంటే పిచ్చి. మాచర్లలో పోటీలనీ, మా బడి జట్టులో నేనూ ఉన్నాననీ తెలిసినప్పటి నుంచి నిద్రలో కూడా పరుగులే! తీరా బయల్దేరే రోజు పొద్దున్నే కడుపునొప్పి పట్టుకుంది. ఎనిమిదింటికి బస్సు.

అయినా నాకేం భయం, మా నాన్నే డాక్టరు! ఎద్దు పొడిచినవాళ్లకు కూడా తొణక్కుండా కుట్లు వేస్తారని నరసరావుపేటలో ఆయనకు పేరు. ఒక్క సూది వేస్తే చాలు, బస్సెక్కేస్తాననుకున్నాను. ఆయన పొట్ట నొక్కి చూస్తుంటే పళ్లు బిగబట్టి, పెద్దగా నొప్పి లేదన్నాను. పచ్చి అబద్ధం.

నాన్న కలం తీసి మందు పేరు సగం రాశారు. నా మొహం చూసి ఆగిపోయారు. ఆ చీటీ చించేశారు.

"నిన్నిట్టా చూస్తుంటే నాకు బుర్ర పనిచెయ్యట్లేదే. పద, డాక్టరమ్మ దగ్గరికి పోదాం," అన్నారు.

ఎంత కోపమొచ్చిందో! ఊరందరికీ మందులిచ్చే మనిషికి కన్నకూతురికి ఒక్క సూది వెయ్యడానికి చేతులు రాలేదా? రిక్షాలో ఆయన వైపు చూడనైనా లేదు.

పక్క వీధిలోనే ఆ డాక్టరమ్మ ఆసుపత్రి. మేం లోపలికి వెళ్లగానే ఆమె, "అన్నా, నువ్వు బయట కూర్చో. ఈ గదిలో నీ పెత్తనం లేదు," అంది. అంతటి నాన్న బుద్ధిగా బయటికి వెళ్లిపోయారు! తలుపు వేసి ఆమె నా వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు తల్లీ. ఎప్పటి నుంచి? ఏడ నొప్పి?"

ఏడుపు తన్నుకొచ్చింది. రాత్రి నుంచీ కుడి పక్కన పొడుస్తోందనీ, రెండుసార్లు వాంతి చేసుకుని అమ్మకు తెలియకుండా నీళ్లు పోశాననీ మొత్తం చెప్పేశాను. అపెండిక్స్ అంది. మధ్యాహ్నానికల్లా ఆపరేషన్ చేశారు. నొప్పికి సూది వేయించుకుని మాచర్ల వెళ్లి ఉంటే, లోపల ముదిరిపోతున్నా తెలిసేది కాదట.

మర్నాడు మంచం పక్కన కూర్చుని నాన్న నా చెయ్యి పట్టుకున్నారు. "నొప్పి లేదని నువ్వన్నావు చూడు, నాకు నమ్మాలనిపించిందే. దానికే చానా భయమేసింది," అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదలు.

తర్వాత నేనూ డాక్టర్నయ్యాను. అరవై దాటాయి. మనవడికి ఒళ్లు వెచ్చబడితే చాలు, ఫోన్లో మందు పేరు చెప్పమని చిలకలూరిపేట నుంచి మా అమ్మాయి ప్రాణం తీస్తుంది. చెప్పను. అక్కడి డాక్టరుకి చూపించమంటాను. నాది రాతి గుండె అని విసుక్కుంటుంది. విసుక్కోనీ. వాడికేమీ కాలేదనుకోవడానికి నా గుండె ఎంత తొందరపడుతుందో నాకు తెలుసు.