తువ్వాలు కింద చెయ్యి

మా బావ సుబ్బరామయ్య ఆదోని పత్తి మార్కెట్లో దలారీ. రైతుకూ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం కుదిర్చేవాడు. అదొక్కటే అయితే నాకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. శనివారం సాయంత్రం కాగానే స్నానం చేసి, తెల్లపంచె కట్టి, అమ్మవారిశాల మేడ మీద కూర్చుని ఉపనిషత్తు చెప్పేవాడు. మా అక్క అలివేలమ్మను ఆయనకిచ్చిన పాపానికి, ఆదోని వెళ్ళిన ప్రతిసారీ నేనూ ముందు వరసలో కూర్చోవాల్సి వచ్చేది. నాకు ఎమ్మిగనూరులో బోరు మోటార్లు రిపేరు చేసే షాపు ఉంది. కాయిలు చుట్టడం తెలుసు, అది కాలితే ఏ వాసన వస్తుందో తెలుసు. ఆత్మ గోల నాకెందుకని గొణుక్కుంటూనే కూర్చునేవాణ్ణి.

ఆయన చెప్పేది ఎక్కువగా ఒకటే. మనిషిలో ఐదు పొరలున్నాయి, ఒకదాని లోపల ఒకటి. అన్నంతో పెరిగిన ఒళ్ళు పై పొర. దాని లోపల ఊపిరి. ఊపిరి లోపల మనసు. మనసు లోపల, ఇది చెయ్యాలి ఇది కూడదు అని తేల్చుకునే తెలివి. దానికీ లోపల ఆనందం. ఈ ఐదూ నువ్వు కాదు, వీటిని చూస్తున్నవాడివి నువ్వు, అనేవాడు.

"బండి మీద పైన ఆరిన పత్తిని సూసి ధర సెప్తే మునిగిపోతావు. మోచేతి దాకా చెయ్యి దోపి లోపల తడి సూడాల. మనిషినీ అట్లనే సూడాలప్పా" అని చెయ్యి దోపినట్టే చూపించేవాడు.

ఒకసారి నేను ఊరుకోలేక, "బావా, ఈ ఐదూ నువ్వు కాకపోతే పొద్దున ఉగ్గాని, బజ్జీలు రెండు ప్లేట్లు తిన్నదెవరు?" అన్నాను. మేడ మీద అందరూ నవ్వారు.

"తిన్నది పై పొర. నా ప్లేట్లు లెక్క పెట్టుకుంటా కూసున్నావే, అది నీ మూడో పొర. దాన్ని కొంచెం అదుపులో పెట్టుకో బామ్మర్దీ" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ రెండో ప్లేటు ఆయన మొదట వద్దన్నదే. ఆయన ఏదైనా ముందు వద్దంటాడు. కాఫీ వద్దు, పెళ్ళిభోజనంలో లడ్డు వద్దు, పండక్కి కొత్త పంచె వద్దు. ఇంకొకసారి అడిగితే, "సరే, తే" అంటాడు. మా అక్క ఆ మొదటి వద్దును చెవిన వేసుకునేదే కాదు.

ఇప్పుడు మార్కెట్లో టెండర్లు కంప్యూటర్లో పడుతున్నాయి గానీ, బావ వయసులో ఉన్నప్పుడు బేరమంతా తువ్వాలు కిందే. ఇద్దరు చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకుండా, నోరు విప్పకుండా, వేళ్ళు పట్టి నొక్కి ధర చెప్పుకుంటారు. ఒప్పుకుంటే అరచెయ్యి చాచి అవతలి అరచేతికి అదుముతారు. కుదరకపోతే పిడికిలి మూసేస్తారు. జిన్నింగు మిల్లు తరఫున కొనే ఇమాం సాబ్‌కూ మా బావకూ మధ్య ఆ తువ్వాలు ఎన్ని వేల సార్లు పడిందో వాళ్ళకే తెలియదు. బేరం బిగుసుకున్నప్పుడు బావ వేలితో ఇమాం సాబ్ అరచేతిలో గీరేవాడట. చక్కిలిగింత తట్టుకోలేక ఆయన నవ్వేసేవాడట. ముసలితనం వచ్చాక కూడా ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఆ కథలే చెప్పుకునేవారు.

నిరుడు పత్తి తీసే రోజుల్లో, ఒక శనివారం, నాలుగో పొర గురించి చెబుతూ బావ మాట మధ్యలో ఆగాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మేడ మీద ఉన్నవాళ్ళంతా ఆయన ధ్యానంలోకి వెళ్ళాడనుకున్నారు. ఒకరిద్దరు చేతులు జోడించారు. ఒకామె పక్కన అల్లరి చేస్తున్న పిల్లవాణ్ణి ఉష్ అని కసిరింది. ఆయన పక్కకు ఒరిగి, మూతి వంకర పోయి, చొంగ కారేదాకా ఎవరూ కదల్లేదు. ఆ భక్తి తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. అక్కడ ఒక్క అవివేకి, నాలాంటివాడు ఉండి ఉంటే, వెంటనే భుజం పట్టి కుదిపేవాడు. నేను ఆ వారం వెళ్ళలేదు.

కర్నూలుకు తీసుకుపోయారు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. మింగడం కష్టమని ముక్కులోంచి కడుపులోకి పైపు వేశారు. మనం చెప్పేది ఆయనకు ఎంతవరకు తెలుస్తుందో చెప్పలేమన్నారు. ఇంటికి తెచ్చాక, బాగున్న ఎడమచేత్తో ఆ పైపు పీకేశాడు. డాక్టరు వచ్చి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పీకాడు. చివరికి ఆ ఎడమచేతిని గుడ్డపట్టీతో మంచం కమ్మీకి కట్టేశారు. మణికట్టు దగ్గర తోలు లేచి ఎర్రగా పుండైంది. అక్క రోజూ దానికి కొబ్బరినూనె రాసి, మళ్ళీ కట్టేది. కట్టేటప్పుడు తల పక్కకు తిప్పుకునేది.

కట్టులోంచి చెయ్యి లాక్కుని ఇంకోసారి పీకినప్పుడు డాక్టరు మమ్మల్ని వసారాలోకి పిలిచాడు. "పైపు పెట్టాలంటే చెయ్యి కట్టే ఉంచాల. పెట్టకపోతే ఎక్కువ రోజులు ఉండడు. మీరు మీరు మాట్లాడుకొని సెప్పండి" అన్నాడు.

బావ కొడుకు రాఘవ్‌కు ఊళ్ళో పత్తిగింజల నూనె వ్యాపారం. "అన్నం పెట్టక నాయన్ను సంపుకున్నాడని అనిపించుకోవాల్నా నేను? పీకేది చెయ్యి మామా, నాయన కాదు. గొంతులో గీరుకుంటాంటే ఎవరైనా పీకుతారు. ఆయనకేం తెలుస్తాందో సెప్పలేమని డాక్టరే సెప్పినాడు గదా" అన్నాడు.

అక్క ఒక్కటే మాట అంది. "ఆయన్నే అడిగితే ఎంత బాగుండు."

నాకు ఎప్పుడూ లేని కోపం వచ్చింది, బావ మీదే. పై పొర పేరే అన్నం. ఆ పొర నువ్వు కాదని ఊరందరికీ చెప్పావు. ఇప్పుడు దానికి అన్నం ఆపాలా వద్దా అని నీ పెళ్ళాం తేల్చుకోలేక నిలబడి ఉంది. నీది కాని పొరకు అన్నం ఆపితే పోయేదెవరు? పైపు పీకుతున్నది ఏ పొర? చెప్పు బావా, ఇన్నేళ్ళు చెప్పావు కదా అని ఆ మంచం దగ్గర అరవాలనిపించింది.

మర్నాడు శుక్రవారం, నమాజు అయ్యాక ఇమాం సాబ్ చేతికర్ర పట్టుకుని వచ్చాడు. అక్క అన్నీ చెప్పింది. పైపు లేకున్నా ఇంకా కట్టే ఉన్న ఆ చెయ్యిని ఆయన చూశాడు.

"వదినమ్మా, ఆ కట్టు ఇప్పు" అన్నాడు.

మంచం అంచున కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి, తన చేతి మీదా బావ ఎడమచేతి మీదా కప్పాడు. "శెట్టీ, నేను, ఇమాంని. ఎవరో తెల్సిందా?"

చాలాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి ఇమాం సాబ్ పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "గీరినాడు! నా చెయ్యి గీరినాడు, బద్మాష్!"

"అది అలవాటు చాచా. ఎన్నేండ్లు చేసిన పని అది" అన్నాడు రాఘవ్.

"అలవాటు కుడిచేతిది రా. ఆ కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో మీ నాయన ఏనాడూ బేరం చెయ్యలే. దీనికి ఎవరు నేర్పినారు సెప్పు?"

రాఘవ్ మంచానికి దగ్గరగా జరిగాడు. మోచేతి దాకా చెయ్యి దోపితే లోపల మనిషి తగిలాడు. బావ ఉన్నాడు. అన్నాళ్ళూ ఆయన ముందే ఆయన గురించి, లేనివాడి గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నాం.

ఇమాం సాబ్ ముందుకు వంగాడు. "శెట్టీ, ముక్కులో పైపు మళ్ళీ పెట్టమంటావా?"

మేమంతా తువ్వాలునే చూస్తున్నాం. అది ఒకచోట కొద్దిగా కదిలింది. ఇమాం సాబ్ ముఖం పాలిపోయింది. ఆయన తువ్వాలు లాగేశాడు. బావ ఎడమచెయ్యి పిడికిలి మూసుకుని ఉంది. ఇమాం సాబ్ వేళ్ళు బయట ఉన్నాయి.

అక్క తలుపు పట్టుకుని నిలబడింది. నోరు ఒకసారి తెరిచి మూసుకుంది. తర్వాత "సరే" అంది. కమ్మీకి వేలాడుతున్న గుడ్డపట్టీ విప్పి, బయటికి తీసుకుపోయి పారేసింది. రాఘవ్ ఇంట్లోంచి వెళ్ళిపోయి పొద్దుగుంకేదాకా రాలేదు.

పైపు మళ్ళీ పెట్టలేదు. అక్క పలచని రాగిగంజి చెంచాతో పెదవులకు తాకించేది. మింగినంత మింగేవాడు. కట్టు లేని చేత్తో ఆమె కొంగు పట్టుకునేవాడు. కొద్దిరోజులకే పోయాడు. పోయేటప్పుడు ముఖం ప్రశాంతంగా ఉందని అందరూ అన్నారు, ఐదో పొర అందుకున్నాడని కూడా అన్నారు. ఆయన కోరిందే జరిగిందని నేనూ నా మనసుకు చెప్పుకున్నాను. ఆ మాట పట్టుకునే ఏడ్చాను, ఆ మాట పట్టుకునే మళ్ళీ షాపు తెరిచాను.

కర్మలన్నీ అయిపోయాక ఒక పొద్దున ఇమాం సాబ్ ఎమ్మిగనూరులో బస్సు దిగి మా షాపుకు వచ్చాడు. టీ తెప్పిస్తే ముట్టుకోలేదు.

"వెంకటేశులూ, ఘోరమైపోయిందప్పా" అన్నాడు. "మొదటి పట్టుకు ఏ దలారీ ఒప్పుకోడు. ఎంత మంచి ధరైనా కానీ, ముందు పిడికిలి మూసేదే మా రివాజు. మొదటిసారికే ఒప్పుకుంటే సరుకులో ఏదో మోసముందని అనుమానం. రెండోసారి పట్టుకోవాల. అప్పుడిచ్చేదే జవాబు. నాకు ఏడుపొచ్చి తువ్వాలు తీసేసినా. రెండోసారి అడగలే."

నా చేతిలో రాగితీగ ఉంది. దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాను.

"అలివేలమ్మకు సెప్పాల్నా, వొద్దా? ఆమె ముందరికి పోయే ముఖం లేదు నాకు" అన్నాడు.

"వద్దు. అసలే వద్దు" అన్నాను. ఆ మాట కరుగ్గానే అన్నాను. పాపం, ఆయన తలూపి లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నా చేతుల్లో ఏ మోటారూ సరిగ్గా బాగుపడలేదు. ఉగ్గాని ప్లేటు, పెళ్ళి లడ్డు, కొత్త పంచె, అన్నీ వరసగా గుర్తొచ్చేవి. ఆ వద్దులన్నీ వద్దులు కావు కదా. మరి ఆ పిడికిలి? నిజంగా వద్దన్నాడా? లేక ఇంకోసారి అడుగుతారని ఎదురుచూస్తూ ఉండిపోయాడా? అక్క గంజి తాగిస్తుంటే కొంగు పట్టుకున్నది అందుకేనా? రివాజు అనేది ఏ పొరలో ఉంటుందో ఆయన ఏ శనివారమూ చెప్పలేదు. నేనూ అడగలేదు, ప్లేట్లు లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఈ సంగతి అక్క చెవిన పడకూడదు. నాకు మిగిలిన పని అదొక్కటే అనుకున్నాను. అదే మనసులో పెట్టుకుని ఆదివారం ఆదోని వెళ్ళాను. అక్క ఎప్పటిలాగే పీట వేసి అన్నం, ఉల్లిగడ్డ పులుసు వడ్డించింది. బావ చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. నేను రాఘవ్ వ్యాపారం గురించి, వానల గురించి ఏదేదో వాగుతూ తింటున్నాను.

"ఇమాం సాబ్ నీ దగ్గరికొచ్చినాడు గదా?" అంది ఉన్నట్టుండి.

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "నీకెవరు చెప్పారు?"

"ఎవరూ సెప్పలే. నా దగ్గరికి రావడం మానేసినాడు గదా, అందుకనే అనుకున్నా." నీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపి, "మొదటి పట్టు సంగతేనా?" అంది.

నేను తల ఎత్తలేదు.

"ఆ మనిషికి ఇన్నేండ్లు అన్నం పెట్టినదాన్ని రా నేను. మొదటి వొద్దు వొద్దు కాదని నాకు తెలీదా? ఆయప్ప తువ్వాలు తీస్తాంటే, ఇంగొకసారి అడుగన్నా అనే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేసినా."

"ఎందుకక్కా?"

"సరే అంటాడేమోనని."

ఆమె గోడ వైపు చూస్తూ చెప్పింది. "పెట్టమంటే మళ్ళా కట్టాల గదా. ఆ చెయ్యిని కట్టేది నేనే గదా. ఇంగ నా చేతకాలేదు. ఆయన వొద్దన్నాడని మీరంతా నమ్మినారు. నేను నమ్మలే. నమ్మినట్టున్నా."

ఆమెను కాపాడదామని నేను దాచి తెచ్చిన మాటను, ఆమె నాకంటే ముందే ఒంటరిగా మోస్తోంది. తలుపు పట్టుకుని ఆమె నోరు తెరిచి మూసిన క్షణం నాకు కళ్ళ ముందు కనపడింది. ఆ మాటను మింగింది ఏ పొర అని అడగడానికి బావ లేడు. ఉన్నా నేను అడిగేవాణ్ణి కాదు. నాకు అక్క మీద కోపం రాలేదు. భయమేసింది, ఇంకా బతకాల్సిన ఇన్నేళ్ళు ఈమె దీన్ని పెట్టుకుని ఎలా బతుకుతుందోనని.

అక్క లేచి గిన్నె తెచ్చింది. "ఇంగ కొంచెం పెట్టాల్నా?" అంది.

"వద్దక్కా, చాలు" అన్నాను, అలవాటుగా.

ఆమె గరిటె ఎత్తిపట్టుకుని అలాగే నిలబడిపోయింది. వడ్డించలేదు, వెనక్కి తిరగలేదు.

"మళ్ళీ అడుగక్కా" అన్నాను.

బావ పోయిన రోజు కూడా ఏడవని మా అక్క అప్పుడు ఏడ్చింది.