తగిన అభ్యర్థి దొరకలేదట

మా పక్కింటి అక్క పోయింది. నాలుగు రోజుల కింద, పొద్దున శంషాబాద్ బస్టాండ్ ఎదుట చాయ్ తాగుతుంటే బావ ఫోన్ చేశాడు. "తమ్మీ, మీ అక్క లేస్తలేదు. జర జల్ది రా" అన్నాడు. నేను చేరేసరికే అంతా అయిపోయింది. నిద్రలోనే గుండె ఆగిందని తర్వాత దవాఖానలో చెప్పారు.

సాయంత్రానికల్లా సంతాప ప్రకటన వచ్చింది, ఆమె ఏళ్ల తరబడి గెస్టు లెక్చరర్‌గా పాఠాలు చెప్పిన విశ్వవిద్యాలయం నుంచి. 'గణిత విద్యా రంగానికి తీరని లోటు' అట. చదివితే ఒళ్లు మండింది. ఆ లోటు తీర్చుకునే అవకాశం మీ చేతుల్లోనే ఉండె కదా! మనిషి వచ్చి మీ ఎదుట నిలబడితే 'తగిన అభ్యర్థి దొరకలేదు' అని సంతకాలు పెట్టింది మీరే కదా! ఆ విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయను. దయ తలచి కాదు. ఒక్కదాని పేరు రాస్తే మిగతావన్నీ హాయిగా ఊపిరి పీల్చుకుంటాయి.

అక్క చేసిన పని ఏంటంటే, రేపు బళ్లలో లెక్కలు చెప్పబోయేవాళ్లకు లెక్కలు ఎట్లా చెప్పాలో నేర్పడం. ఆ పని ఆమెకు పుస్తకాల్లో దొరకలేదు. మొదట్లో ఎయిర్‌పోర్టు గోడ పక్క ఊళ్లో, సర్కారు బడిలో విద్యా వాలంటీర్‌గా చేసింది. విమానం దిగుతుంటే ఆ బడిలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. మిగతా టీచర్లు తల పట్టుకునేవారు. అక్క మాత్రం చప్పుడు దగ్గర పడుతుండగా బోర్డు మీద ప్రశ్న రాసేది. అది పోయేదాకా ఎవరూ నోరు విప్పే వీలు లేదు కాబట్టి అందరూ ఆలోచించాల్సిందే. చప్పుడు తగ్గాక చూస్తే, ఎన్నడూ లేవని చేతులు లేచేవట.

"మనం ఆగుతలేం తమ్మీ" అనేది. "అడుగుతం, మనమే చెప్పేస్తం. పోరగాళ్లకు తెల్వదని వాళ్ల మీద పెడతం. ఆగుడు నాకు ఆ విమానాలు నేర్పినయ్."

ఆ ఆగడం మీదే పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంది. విమానాలు లేని చోట కూడా ఆగేది. సాయంత్రం గోడ మీంచి నాకో లెక్క విసిరి, జవాబు చెప్పకుండా కూర పొయ్యి మీదుందంటూ లోపలికి పోయేది. ఆదివారం చర్చిలో ప్రసంగం ముగించి "అర్థమైందా?" అని పాస్టరుగారు అడిగితే అందరూ తలలూపేవారు. అక్క ఒక్కతే "ఇంకా కాలేదయ్యగారూ" అనేది. బావ సిగ్గుతో బైబిల్లో తల దూర్చేవాడు.

నన్నూ వదల్లేదు. "నీ వ్యాసంల ప్రశ్నలు నువ్వే అడుగుతవ్, జవాబులు నువ్వే చెప్తవ్, చప్పట్లు కూడా నువ్వే కొట్టుకుంటవ్. చదివెటోనికి ఏం పని మిగిల్చినవ్?" అని ఓసారి నా వ్యాసం పడిన పేపరు చేతికిచ్చింది. వ్యాసం వేరు, క్లాసు వేరు అని వాదించాను. "ఏం వేరు?" అంది. అని, ఎప్పటిలాగే ఆగింది. ఆ మాట మీద కోపం నాకు ఇంకా పోలేదు.

అన్నేళ్లు గెస్టుగా చెప్పాక, విశ్వవిద్యాలయంలో ఆమె శాఖలో ఒక్క పర్మనెంటు పోస్టు పడింది. గణిత విద్యకు. అదీ అక్క కేటగిరీకే రిజర్వుడు. ఆమె చేస్తున్న పనే, ఆమె చెప్తున్న క్లాసులే. ఈ ఉద్యోగం వస్తే కాబోయే టీచర్లను ఏడాది పొడుగునా సర్కారు బడి పిల్లల మధ్యే ఉంచుతానని ఆమె ఆశ. గెస్టు లెక్చరర్ మాటకు ఏ బడీ తలుపు తీయదు, ఏ అధికారీ సంతకం పెట్టడు. అందుకే ఆ కుర్చీ కావాలనుకుంది.

ఇంటర్వ్యూకి నేనూ తోడు వెళ్లాను. లోపల ఏం జరిగిందో తిరుగు బస్సులో, అత్తాపూర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు నవ్వుతూ చెప్పింది. కమిటీలో వాళ్ల శాఖ హెడ్ సారుదే పెత్తనమంతా. "మమ్మల్ని ఏడో తరగతి పిల్లలనుకొని పాఠం చెప్పండమ్మా" అన్నాడట. సరేనని అక్క అడిగింది: "అన్న సగం రొట్టె తిన్నడు, చెల్లె పావు రొట్టె తిన్నది. అయినా చెల్లె తిన్నదే ఎక్కువ. ఎట్ల?"

అడిగి, ఆగింది.

ఒకాయన ఫోన్ చూసుకున్నాడు. ఒకాయన సీలింగు చూశాడు. హెడ్ సారు గొంతు సవరించుకుని "మీరే చెప్పండమ్మా, టైమ్ అవుతోంది" అన్నాడు. అక్క బడి పిల్లలతో అన్నట్టే అంది: "ఇంకొంచెం ఆలోచించున్రి సార్. వస్తది."

అయిపోయింది. "సగం కంటే పావు ఎక్కువెట్లా అవుతుంది? ఇది లెక్కా, పొడుపుకథా?" అని లేచాడట ఆయన. చెల్లె రొట్టె పెద్దది కావచ్చు కదా అని ఆ బడి పిల్లలు చెప్తారు. దేనిలో సగం, దేనిలో పావు అని అడగకుండా భిన్నాలు చెప్తే లాభం లేదని చూపించడమే ఆ పాఠం. అది వినే ఓపిక అక్కడ ఎవరికుంది? "మీ పరిశోధన గణితమా, విద్యా?" అని ఇంకొకాయన. "గణితం పిల్లలకు ఎట్ల ఎక్కుతదనేది సార్" అంటే, "అంటే రెండూ కాదన్నమాట" అని మూసేశాడు.

కమిటీ ఏం రాసిందో తర్వాత బయటపడింది. అభ్యర్థి పాఠం మధ్యలో చెప్పలేక మౌనంగా నిలబడిపోయారట! ఆగడం తెలిసిన మనిషిని చూసి, ఆగిపోయిందని రాశారు. పోస్టు ఖాళీగా ఉంచారు. రిజర్వుడు పోస్టుల దగ్గరికి వచ్చేసరికే ఈ 'తగిన అభ్యర్థి' ఎందుకు మాయమవుతాడో, పెద్దలు నాకు కాస్త చెప్పండి.

సిగ్గులేనితనానికి హద్దుండదు. వారం తిరక్కుండానే అదే హెడ్ సారు ఫోన్ చేశాడు: "క్లాసులు మొదలవుతున్నాయి మేడం, మామూలుగానే గెస్టుగా వచ్చేయండి." అవే క్లాసులు! వాటికి ఆమె తగింది. కుర్చీకే తగదట.

"పోకక్కా, ఫోన్ ముఖం మీద పెట్టెయ్" అని నేను అరిచాను.

"గాళ్ల మీద కోపం నాకు లేదనుకుంటున్నవా? నీకన్న ఎక్కువుంది. కానీ క్లాసుల కూసునే పోరగాళ్లు ఏం చేసిన్రు? రేపు వాళ్లు బళ్లకు పోయి, ఆగకుండ చెప్పుకుంట పోతే?" అంది. పోయింది. పోతూనే ఉంది. పోస్టుకు ఇంటర్వ్యూ నిజమైన పిల్లల ముందు పెట్టండని అడుగుతూనే ఉంది. పోయిన నెల ఆ పోస్టుకు మళ్లీ నోటిఫికేషన్ పడింది. ఈసారి కూడా దరఖాస్తు వేస్తానంది. వేయకముందే ఇట్లా అయింది.

నిన్న ఆ శాఖలో సంతాప సభ. హెడ్ సారు ఆమె 'నిబద్ధత' గురించి మాట్లాడుతుంటే లేచి అడిగాను. "ఆ పోస్టు ఇంకా ఖాళీగనే ఉంది. ఈసారన్నా పిల్లల ముందర పాఠం చెప్పిస్తరా, మళ్ల మీరే పిల్లలైతరా?"

వెనక కూర్చున్న విద్యార్థుల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"మీరు బాధలో ఉన్నారు. ఆ విషయాలు బయట మాట్లాడుకుందాం" అన్నాడాయన. అని, పూలదండ అందుకుని ఫొటో వైపు తిరిగాడు.

ఆ ఫొటో అప్పుడు సరిగ్గా చూశాను. గెస్టు మనిషి కాబట్టి శాఖలో ఆమె ఫొటో విడిగా ఒక్కటీ లేదు. ఏదో గ్రూపు ఫొటోలోంచి కత్తిరించి పెద్దది చేశారు. ఆమె భుజం పక్కన కోటు వేసుకున్న ఎవరిదో సగం మోచేయి మిగిలిపోయింది. హెడ్ సారు దండ ఇటు జరిపాడు, అటు జరిపాడు. పూలు ఎంత సర్దినా ఆ మోచేయి కనబడుతూనే ఉంది, ఆమెను పక్కకు నెడుతున్నట్టు.