తిరుపతమ్మ కోసం తీయలేకపోయిన బొడ్డు రక్తం

2004లో నేను బందరులో ఒక చిన్న ప్రైవేటు నర్సింగ్ హోములో పనిచేస్తున్నాను. అప్పటికే లేబర్ రూములో పదహారేళ్ల అనుభవం నాది. పన్నెండు పడకలు, ఒక డాక్టరమ్మ గారు, ముగ్గురు నర్సులం, ఇద్దరు ఆయాలు. పెడన నుంచి, కూచిపూడి వైపు నుంచి, దివిసీమ లంకల నుంచి కాన్పులకు మా దగ్గరికి వచ్చేవారు.

ఆ రోజుల్లో మాయ అంటే మాకు పారేసే వస్తువు. బిడ్డ పుట్టిన కాసేపటికి అది బయటికి వస్తుంది. లోపల ముక్కేదీ మిగల్లేదని తిప్పి చూసి బకెట్లో వేసేవాళ్లం. కొన్ని ఇళ్లవాళ్లు అడిగి తీసుకెళ్లి, ఎవరూ తొక్కని చోట పాతిపెట్టుకునేవారు. అందులో మిగిలిపోయే కాస్త రక్తంతో ఒక ప్రాణం నిలబడవచ్చని నాకు తెలిసింది తిరుపతమ్మ వల్ల.

తిరుపతమ్మది నాగాయలంక అవతల సముద్రపు ఒడ్డున ఒక పల్లె. తండ్రి ఏడుకొండలు బోటు మీద వేటకు వెళ్తాడు. తల్లి నాంచారమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. పిల్లకు ఏడాది నిండకముందే థలసీమియా అని తేలింది. ఆ జబ్బున్న పిల్లల ఒంట్లో రక్తం సరిగా తయారుకాదు. మూడు నాలుగు వారాలకోసారి బయటి రక్తం ఎక్కిస్తూ ఉండాలి. అలా ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలోనూ కాలేయంలోనూ పేరుకుపోతుంది. దాన్ని తీసే మందును వారానికి ఐదారు రోజులు పొట్ట మీద సన్న సూది గుచ్చి గంటల కొద్దీ ఎక్కించాలి. వాళ్ల పల్లెలో అది వారానికి రెండు రోజులు కుదిరితే గొప్ప.

రక్తం ఎక్కించుకోవడానికి తిరుపతమ్మ ఐదేళ్లు మా దగ్గరికే వచ్చింది. మంచం ఎక్కి తనే చెయ్యి చాపేది.

"ఈసారి ఎడం చెయ్యి సిస్టరుగారూ. కుడి చేత్తో బొమ్మలేసుకోవాలి" అనేది.

ఏం వేస్తావని అడిగితే, పడవ అనేది. ఎప్పుడూ పడవే. దాని మీద మాత్రం ప్రతిసారీ ఒక మనిషి పెరిగేవాడు.

పిల్లకు ఆరో ఏడు నడుస్తుండగా నాంచారమ్మ మళ్లీ నెల తప్పింది. ఈ బిడ్డకు ఆ జబ్బు లేదని హైదరాబాదులో పరీక్ష చేయించి తెలుసుకున్నారు. అప్పుడు డాక్టరమ్మ గారు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. బొడ్డుతాడు రక్తంలో స్టెమ్ సెల్స్ అనే మూలకణాలు ఉంటాయి, విత్తనాల లాంటివి, రోగి ఒంట్లో నాటుకుంటే కొత్త రక్తాన్ని పుట్టిస్తాయి. కాకపోతే అక్కకీ పుట్టబోయే బిడ్డకీ కణాలు కలవాలి. తోబుట్టువుల్లో నలుగురిలో ఒకరికే అలా కలుస్తాయి. కాన్పు అవగానే ఆ రక్తాన్ని తీసి మద్రాసులో బొడ్డు రక్తం దాచే బ్యాంకుకు పంపితే అతి చల్లటి పెట్టెల్లో దాస్తారు. కలిస్తే అక్కడి పెద్దాసుపత్రిలో తిరుపతమ్మకు ఎక్కిస్తారు.

ఏడుకొండలు అంతా విని ఒక్కటే అడిగాడు. "పుట్టే బిడ్డకేమన్నా నొప్పి ఉంటదా అండి?"

"ఉండదు. తాడు కోసేశాక మిగిలిందే తీస్తాం."

"అయితే తీయండి."

అప్పటికి గుడివాడ వైపు కలిగిన కుటుంబాలవాళ్లు కొందరు తమ పిల్లల బొడ్డు రక్తం ముందుజాగ్రత్తకని దాచుకోవడం మొదలుపెట్టారు. వాళ్లలో ఎవరికైనా దానితో అవసరం పడినట్టు నేను వినలేదు. అవసరం కళ్ల ముందే కనపడుతున్న కేసు మాకు ఇదొక్కటే.

మద్రాసు బ్యాంకు నుంచి ఒకాయన వచ్చి నాకు రక్తం తీసే పని నేర్పాడు. తాడును నొక్కిపట్టే క్లాంపు వేసి కోసిన వెంటనే, మాయ వైపు ముక్కను మందుతో తుడిచి, అందులోని నరంలోకి సూది గుచ్చాలి. సూదికి గొట్టంతో తగిలించిన బ్యాగును కిందికి దించి పట్టుకుంటే రక్తం దానంతటదే దిగుతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే గడ్డకట్టడం మొదలవుతుంది. పారేసే మాయల మీద మూడుసార్లు సాధన చేశాను. నాకు చెయ్యి కుదిరింది.

2005 వేసవిలో, నొప్పులకు పది రోజుల ముందే వాళ్లు బందరు వచ్చి చుట్టాలింట్లో దిగారు. ఒకరోజు పదకొండు గంటలప్పుడు నాంచారమ్మను లేబర్ రూములోకి తీసుకున్నాం. రక్తం తీసే కిట్టు విప్పి బల్ల మీద సర్దుకున్నాను. అంతా సవ్యంగానే సాగింది. తల బయటికి వచ్చాక చూస్తే బొడ్డుతాడు మెడకు రెండు చుట్లు బిగుసుకుని ఉంది. డాక్టరమ్మ గారు అక్కడే క్లాంపులు వేసి కోసి బిడ్డను బయటికి తీశారు. ఆడపిల్ల. ఒళ్లు నీలంగా ఉంది, కాళ్లూ చేతులూ వేలాడిపోతున్నాయి. ఏడవలేదు.

పాపను పక్క బల్ల మీద పెట్టి ఆమె ఇటు తిరిగేలోపు తల్లికి రక్తస్రావం మొదలైంది. పిల్లల డాక్టరుకు కబురు వెళ్లింది గాని ఆయన రావాలి. ఆయా రెండో నర్సును పిలవడానికి వార్డులోకి పరిగెత్తింది. నేను సూది మూత తీసి చేత్తో పట్టుకుని ఉన్నాను. ఎదురుగా కోసిన తాడు నిండుగా, నీలి నరంతో ఉబ్బి కనిపిస్తోంది. ఒక్క పోటు పొడిస్తే చాలు.

"సిస్టర్, పాప" అన్నారు డాక్టరమ్మ గారు, తల్లి పొట్ట మీద నుంచి చేతులు తీయకుండా.

సూది నా చేతిలోంచి నేల మీద పడింది. నేను పడేశానో, జారిందో ఈనాటికీ చెప్పలేను. పాప దగ్గరికి వెళ్లి నోరు శుభ్రం చేసి, ముఖానికి మాస్కు పెట్టి ఆంబూ బ్యాగుతో ఊపిరి పోయడం మొదలుపెట్టాను. ఆంబూ అంటే చేత్తో నొక్కితే గాలిని లోపలికి పంపే సంచి. నొక్కుతూ లెక్కపెడుతున్నాను. రెండో నర్సు వచ్చి డాక్టరమ్మ గారికి ఇంజెక్షన్లు అందిస్తోంది. ఏడెనిమిది నిమిషాలకు పాప మూలిగింది, ఆ తర్వాత గట్టిగా ఏడ్చింది. నాంచారమ్మకు రక్తం ఆగింది.

అప్పుడు మాయ వైపు తిరిగాను. ట్రేలో ఉంది. తాడు తెల్లబడి, ఉబ్బు తగ్గి పడి ఉంది. కిట్టులో ఉన్న రెండో సూదితో రెండు చోట్ల గుచ్చి చూశాను. బ్యాగు అడుగు కూడా తడవలేదు.

వరండాలో బెంచీ మీద తిరుపతమ్మ కూర్చుని ఉంది. "చెల్లి రక్తం తెచ్చిందా?" అని అడిగింది.

"చెల్లి చాలా కష్టపడి వచ్చిందమ్మా. తేలేకపోయింది."

"పర్లేదులెండి. చిన్నపిల్ల కదా" అంది.

రెండు నెలల తర్వాత పాప రక్తం పరీక్షకు పంపారు. అక్కచెల్లెళ్ల కణాలు పూర్తిగా కలిశాయి. ఆ కాగితం చదివి డాక్టరమ్మ గారు మద్రాసుకు ఫోను చేశారు. దారి మూసుకుపోలేదని, పాప కొంచెం బరువు పెరిగాక దాని ఎముకల్లోని మూలుగ తీసి అక్కకు ఎక్కించవచ్చని మద్రాసు డాక్టర్లు చెప్పారు. ఏడాదో ఏడాదిన్నరో ఆగమన్నారు. ఏడుకొండలు ప్రతి నెలా పాపను తెచ్చి మా తూకం మీద పెట్టించేవాడు. బరువు ఎంతో చెప్తే తలూపి వెళ్లిపోయేవాడు.

పాపకు పదకొండో నెలలో తిరుపతమ్మకు జ్వరం వచ్చింది. అప్పటికే ఇనుము గుండెను పాడు చేసింది. ఆయాసంతో తీసుకొచ్చారు. విజయవాడ తీసుకెళ్లడానికి అంబులెన్సు వచ్చేసరికే ఆలస్యమైంది. మధ్యాహ్నం మూడింటికి మా వార్డులోనే, నేను చెయ్యి పట్టుకుని ఉండగానే పోయింది. ఏడేళ్లు.

నెల తిరిగాక నాంచారమ్మ చిన్నదానికి టీకా వేయించడానికి వచ్చింది. బిడ్డను చంకన మోస్తోంది గాని దాని ముఖం వైపు చూడటం లేదు. ఆ రోజు ఇంకేమీ దాచుకోలేకపోయాను. పక్కన కూర్చోబెట్టి చెప్పాను.

"నాంచారమ్మా, ఆ రోజు సూది నా చేతిలోనే ఉంది. నేను వదిలేశాను."

"నాకు తెలుసండి. నేను చూస్తానే ఉన్నాగా."

బిడ్డ ఆమె పైట పట్టుకుని లాగుతోంది.

"వదలొద్దు సిస్టరుగారూ అందామనుకున్నాను. నోట మాట రాలేదు గాని మనసులో అదే అనుకున్నాను. ఇది ఊపిరాడక అక్కడ పడుంటే, ముందు పెద్దదాని సంగతి చూడమనుకున్నాను. ఇప్పుడు పెద్దది లేదు. దీన్ని ఎత్తుకుంటే ఆ రోజు అనుకున్నదే గుర్తొస్తంది. ఇట్టాంటి తల్లి ఉంటదా అండి?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. బిడ్డకు టీకా వేయించుకుని చల్లపల్లి బస్సుకు వెళ్లిపోయింది. ఆ తర్వాత మా దగ్గరికి రాలేదు.

ఆ రోజు నేను చేసింది తప్పా అని అడిగితే కాదనే చెబుతాను. మళ్లీ అదే పరిస్థితి వచ్చినా బిడ్డ దగ్గరికే వెళ్తాను. మా తప్పు అంతకు ముందే జరిగింది. కాన్పుకు నెలల తరబడి సమయం ఉండి కూడా, రక్తం తీయడానికి ఒక మనిషి, బిడ్డను అందుకోవడానికి ఒక మనిషి వేరుగా ఉండాలని మాలో ఎవరికీ తోచలేదు. ఆ తర్వాత ఇలాంటి కేసులు నాకు నాలుగైదు వచ్చాయి. ఆ ఏర్పాటు లేకుండా దేనికీ ఒప్పుకోలేదు. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలకు కూడా ముందు అదే చెప్పాను.

ఇంకొకటి నేర్చుకున్నాను. దాన్ని ఏ ట్రైనింగులోనూ చెప్పరు. ఒక బిడ్డను బతికించుకోవాలన్న ఆశతో ఇంకో బిడ్డను కనబోయే తల్లిని, లేబర్ రూములోకి తీసుకునే ముందు విడిగా కూర్చోబెట్టి చెబుతాను: "అమ్మా, లోపల ఏం జరిగినా, ఆ క్షణంలో నీ మనసు ఇద్దరిలో ఎటు లాగినా, అది పాపం కాదు." నాంచారమ్మ అడిగిన రోజున ఈ మాట చెప్పడం నాకు తెలియలేదు.